కోటికొకటి

పొద్దున్నే సిలికాన్ ముక్కను అడుగుతాను.
ఐదువందల ఇరవై అంటుంది.
అది నిజం చెప్తేనే ఆ రోజు నా కొలువు మొదలు.
కాజీపేట దిక్కు గూడ్సు పోతుంటే
బల్ల సన్నగా వణుకుతుంది,
దానికో నిమిషం ఆగాలె.

నల్ల పరదా వెనక, నారింజ కళ్ళద్దాల వెనక
సూదిమొనంత ఆకుపచ్చ కాంతి
ఎనుమాముల నుంచి వచ్చిన కారం మీద వాలుతుంది.
సంచికో నంబరు, సంచికో సంతకం.
పోయిన వెలుగు పోయినట్టే తిరిగొస్తుంది, దాదాపు అంతా.
కోటికొకటి మాత్రం
లోపలి ఊగులాట తగిలి
రంగు మారి వస్తుంది.
నేను జీతం తీసుకునేది ఆ ఒక్కదాని కోసం.

అయితే ముందు ఫ్లోరోసెన్సు.
అది అడ్తి దుకాణం లెక్క.
ఇచ్చిన వెలుగు మింగి,
లోపల కొంత కోసుకొని,
మిగిలింది మహా ఆర్భాటంగా
తెర నిండా పొర్లిస్తుంది.
దాని కింద నా కోటికొకటి
కాంటాల గోలలో రైతు గొంతు.
చేసేదేం లేదు. కాంతిని అక్కడే నిలిపి
అది అలిసిపోయేదాకా కూర్చుంటాను,
ఒక చాయ్ పట్టేంతసేపు.

ఆ చాయ్ తెచ్చేది కొమురమ్మ.
గది ఊడుస్తుంది, గాజు పలకలు కడుగుతుంది.
అంతకుముందు పన్నెండేండ్లు
యార్డులో మిర్చి తొడిమెలు తీసింది, కిలోకింతని.
"చేతులు మండుతుంటె పొల్లను ఎత్తుకోకపోదును సారూ"
అంటుంది, నవ్వుకుంటనే.
చపాట కాయనూ తేజ కాయనూ
కండ్లు మూసుకొని, గలగల చప్పుడుతో చెప్తుంది.

మొన్న కొంగుముడి విప్పి చిటికెడు కారం పెట్టింది.
"ఇది సుత సూడు. మా ఇంటిదే.
చౌరస్తల పది రూపాల పొట్లం.
కూర మస్తు ఎర్రగైతది."

నంబరు లేని శాంపిల్. రిజిస్టర్‌లో ఎక్కదు.
అంచున పెన్సిల్‌తో "కొ" అని రాసుకున్నా.

అసలు మిరపకైతే మూడు శిఖరాలు రావాలె.
వెయ్యి దాటంగనే ఒకటి,
పదకొండువందల యాభై దాటి ఒకటి,
పదిహేనువందల ఇరవై దగ్గర ఒకటి.
పొయ్యి రాళ్ళ లెక్క, మూడూ ఉంటేనే కుండ నిలిచేది.
తెర మీద అవి ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.
పక్కన వేరేవి,
పిలవని పెండ్లిలో ముందు వరుసన కూర్చున్నట్టు
పదునుగా, నిబ్బరంగా.
బూటు పాలిష్‌లో వేసే ఎరుపు.

మళ్ళీ చూశా.
కాంతిని ఇంకోచోట దింపి మళ్ళీ చూశా.
తప్పు గూడ్సు మీదికి తోద్దామంటే
ఆ టైముకు బండి లేదు.

"ఏమన్నది సారూ నీ దీపం?"

నోట్లోకి వచ్చిన మాటలన్నీ రిపోర్టు మాటలే.
"తినకు" అన్నా.
ఆమె గ్లాసు కింద పెట్టింది.
"ఎన్నొద్దులసంది తిన్నమో దీంట్ల కనబడ్తదా?"
కనబడదు.
ఏం కలిసిందో చెప్తుంది,
ఎవరి గొంతులోంచి ఎన్నేండ్లు దిగిందో చెప్పదు.
"ఎర్రగుంటె మంచిదే అనుకున్న" అంది,
నాతో కాదు, చీపురుతో.

సోమవారం నాలుగు చపాట కాయలు తెచ్చింది,
తెలిసినామె దగ్గర అడుక్కొని.
తొడిమెలు నా బల్ల మీదనే తీసింది,
చూడకుండనే, టక్ టక్ మని.
చిన్న కల్వంలో నూరుతుంటే ఇద్దరం తుమ్మినం.
పరదా లోపలికి రమ్మని కళ్ళద్దాలిచ్చా.
"ఏం కనబడుతలేదు గదా!"
కనబడకుండా ఉండడానికే అవి, అన్నా.

వరద తీసేదాకా కూర్చున్నం.
ఎడమ నుంచి గీత మెల్లగా నడిచింది.
ఒకటి లేచింది.
రెండోది.
"మూడోదేది?" అంది, నా భుజం మీదుగా వంగి.

అప్పుడే దూరంగా బండి చప్పుడు.
చాయ్ గ్లాసులో నీళ్ళు వణికినయి.
ఆగాలె, అన్నా.
కొమురమ్మ రెండు చేతులూ
బల్ల మీద ఆనించి పట్టుకుంది.